ఎలుకను ముట్టని పిల్లి

పదవీ విరమణకు ముందటి మూడేళ్లు నేను అనంతపురం జిల్లాలో, గార్లదిన్నెకు మరీ దూరం కాని ఒక మండల కేంద్రంలో పశువైద్యశాలకు సహాయ సంచాలకుడిగా పనిచేశాను. ఊరి పేరు రాయను. ఇందులో వచ్చే శెట్టిగారు ఇంకా అక్కడే వ్యాపారం చేసుకుంటున్నారు, నాకూ అప్పుడప్పుడు ఆ దారిన పోవలసిన పని పడుతుంది. ఇది ఆ మూడేళ్లలో రెండో వేసవి సంగతి.

సహాయ సంచాలకుడంటే బయటివాళ్లకు పెద్ద హోదాలా వినిపిస్తుంది. మా శాఖలో చేరేటప్పుడు పశువైద్య సహాయ శస్త్రచికిత్సకులుగా చేరతాం. గొర్రెల నోట్లో పేగుల్లో పురుగులు చచ్చే నట్టల మందు పోసి, ఈనలేని ఆవుల కడుపులో భుజం దాకా చేతులు పెట్టి, సగం జీవితం గడిపాక సహాయ సంచాలకులమవుతాం. 'సహాయ' అన్న మాట మాత్రం చివరిదాకా మమ్మల్ని వదలదు. తేడా ఏమిటంటే, ముందు పశువులను చూసేవాళ్లం, తర్వాత పశువుల గురించి జిల్లా కేంద్రం అడిగే ప్రశ్నలకు జవాబులు చెబుతూ కూర్చుంటాం. మా ప్రాంతంలో వేసవి వస్తే గడ్డి, నీళ్లు, గొర్రెల టీకాలు, ఈ మూడింటి మీదే మాట. పిల్లి అనే జంతువు దేవుడి సృష్టిలో ఉందేమో గానీ, మేం పంపే నెలవారీ నివేదికలో లేదు. అందులో గాడిదకు కూడా చోటుంది.

నివేదికలో లేకపోయినా పిల్లులు మా దగ్గరికి వచ్చేవి. సాధారణంగా ఆలస్యంగా వచ్చేవి. దానికి సగం కారణం పిల్లే. కుక్కకు ముల్లు గుచ్చుకుంటే వీధంతా వినపడేలా అరుస్తుంది. పిల్లి ప్రాణం పోతున్నా బీరువా కిందకు పోయి మర్యాదగా కూర్చుంటుంది. మిగతా సగం కారణం ఇంటివాళ్ల సొంత వైద్యం. మగపిల్లి మాటిమాటికి వంగి కూర్చుని ముక్కుతుంటే మలబద్ధకమని ఆముదం తాగిస్తారు. అది ముక్కేది మూత్రం రాక. సన్నటి మూత్రనాళంలో ఇసుకలాంటి పదార్థం అడ్డుపడుతుంది. నీళ్లు తక్కువ తాగే జంతువు, నీళ్లు తక్కువ దొరికే ఊరు, ఇక చెప్పాలా. రెండు మూడు రోజులు అలాగే వదిలేస్తే మూత్రంలో పోవలసిన విషం గుండెకెక్కి చస్తుంది. ఒళ్లు కాలుతోందని మనుషులు మింగే జ్వరం మాత్ర వేసేవాళ్లు మరికొందరు. ఆ మాత్రను విరిచేసే శక్తి పిల్లి కాలేయానికి లేదు. చిగుళ్లు గోధుమరంగుకు తిరిగి, ముఖం ఉబ్బి, ఊపిరాడక పోతుంది. ఇక టీకా వేయని పిల్లకూనలు వాంతులు చేసుకుని, నీళ్ల గిన్నె మీద తల వేలాడేసి, ఒక్క చుక్క కూడా తాగకుండా కూర్చుంటే అది తెల్లకణాలను ఊడ్చిపెట్టే వైరస్ జబ్బు. దానికి దిష్టి తీసి, మిరపకాయలు కాల్చి, ఆ పొగకు అది దగ్గితే దిష్టి పోతోందని సంతోషపడిన ఇల్లు కూడా నాకు తెలుసు.

శెట్టిగారి పిల్లి జబ్బు వీటిలో ఏదీ కాదు. దాని జబ్బు పుణ్యం.

శెట్టిగారు శనక్కాయల వ్యాపారి. ముందు కిరాణా కొట్టు, వెనక కాయల గోదాము, పైన ఇల్లు. ఆయన తల్లి నాగరత్నమ్మ ఆ ఇంటి ఆచారానికి అధిపతి. వాళ్లింట్లో మాంసం మాట సరే, ఉల్లిపాయ కూడా గడప దాటి లోపలికి రాదు. ఒక వాన రోజు గోదాములో తడిసి అరుస్తున్న తెల్ల పిల్లికూనను ఆమె పైకి తీసుకుపోయి పాలన్నం పెట్టింది. పాండురంగడి భక్తురాలు కాబట్టి పాండు అని పేరు పెట్టింది. ఆ పిల్ల కాస్త పెద్దదయ్యాక, పిల్లులన్నీ చేసే పనే చేసింది. ఒక ఎలుకను పట్టి, గర్వంగా తెచ్చి పూజగదిలో పెట్టింది. ఆ రోజు ఇల్లంతా కడిగారు, పిల్లిని కూడా కడిగారు. ఆ తర్వాత కిటికీలకు జాలీలు పడ్డాయి, మెట్లకు తలుపు పడింది. పాండుకు పొద్దున పాలన్నం, రాత్రి పెరుగన్నం. ఏకాదశి నాడు అవ్వతో పాటు ఉపవాసం.

శాకాహారుల ఇళ్లలో పిల్లులు బతకవా అంటే, బతుకుతాయి. ఎందుకంటే అవి ఇంట్లో పాలు తాగి, వీధిలో తొండనో పిచ్చుకనో తిని, మూతి తుడుచుకుని ఇంటికొస్తాయి. ఇంటివాళ్లకు పుణ్యం, పిల్లికి ఆరోగ్యం. పాండుకు ఆ వెసులుబాటు లేకుండా తలుపేశారు.

అలా మూడేళ్లు గడిచాక పాండు మహిమ ఊళ్లో మొదలైంది. శెట్టిగారు దాన్ని కిందికి తెచ్చి కొట్లో కాటా పక్కన మెత్తటి గోనె మీద కూర్చోబెట్టేవారు. అది కదిలేది కాదు, మెదిలేది కాదు. కళ్లు పెద్దవిగా విప్పుకుని, ఎక్కడో దూరంగా చూస్తున్నట్టు ఉండేది. ఎవరో బోనులో పడిన ఎలుకను తెచ్చి దాని ముందు వదిలారట. ఎలుక దాని కాళ్ల ముందు నుంచి పోయింది, పిల్లి తల కూడా తిప్పలేదు. ఇంకేముంది, శనివారాలు ఆడవాళ్లు పిల్లలను తీసుకొచ్చి దానికి నుదుట కుంకుమ పెట్టి, దండం పెట్టుకుని, వచ్చినందుకు సరుకులు కూడా కొనుక్కుని పోయేవారు. శెట్టిగారికి ఇహం, పరం ఒకే కౌంటరు మీద దొరికాయి. వెనక గోదాములో ఎలుకలకు కూడా ఆ సాధుత్వం బాగా కలిసొచ్చింది.

ఇదంతా మా ఆసుపత్రిలో మందులు కలిపే ఉద్యోగి చెబితే విన్నాను. గొర్రెల టీకాల హడావిడిలో ఉండి నవ్వుకుని ఊరుకున్నాను. మే నెలలో ఒక మధ్యాహ్నం శెట్టిగారు దాన్ని గంపలో పెట్టుకుని స్వయంగా వచ్చారు.

వచ్చీ రాగానే ఎండ దెబ్బ అన్నారు. పిల్లి నోరు తెరుచుకుని రొప్పుతోంది, మెడ ముందుకు చాచి, మోచేతులు ఒంటికి తగలకుండా ఎడంగా పెట్టి కూర్చుంది. కుక్క నోరు తెరిచి రొప్పితే ఎండ అనుకోవచ్చు. పిల్లి నోరు తెరిచి ఊపిరి తీస్తోందంటే ఊపిరితిత్తుల్లో గానీ వాటి చుట్టూ గానీ నీరు చేరి ఉంటుంది, లేదా అంతే ప్రమాదం మరొకటి. అలాంటి పిల్లిని వెంటనే బల్ల మీద పడుకోబెట్టి పరీక్షించడం కొత్తగా చేరిన డాక్టర్లు చేసే పని. పిల్లి పెనుగులాడుతుంది, ఆ పెనుగులాటలోనే పోతుంది. అందుకని గంప మీద గుడ్డ కప్పించి, గది చీకటి చేయించి, ఒంట్లో చేరిన నీటిని మూత్రంగా తోడేసే ఇంజెక్షను తొడకండకు వేసి, అందరినీ బయటకు పంపాను. శెట్టిగారు బయట వరండాలో గొర్రెల మధ్య నిలబడ్డారు. ఇంత పేరున్న పిల్లికి ఇంత సాదాసీదా వైద్యమా అన్నట్టు రెండుసార్లు తొంగిచూశారు.

ఊపిరి కాస్త నెమ్మదించాక స్టెతస్కోపు పెట్టాను. ఆరోగ్యంగా ఉన్న గుండె రెండు చప్పుళ్లు చేస్తుంది. ఇది మూడు చేస్తోంది. మా పుస్తకాల భాషలో దాన్ని గుర్రపు దౌడు లయ అంటారు. అలసిపోయి సాగిపోయిన గుండె గోడల పాట అది. తర్వాత కళ్లు చూశాను. వరండా తలుపు తీస్తే మే నెల ఎండ నేరుగా ముఖాన పడుతోంది, అయినా కంటిపాపలు నల్లగా, గుండ్రంగా విప్పారే ఉన్నాయి. చిన్న దూది ఉండను దాని ముఖం ముందు పైనుంచి జారవిడిచాను. దూది ఎందుకంటే పడితే చప్పుడు కాదు. చూపున్న పిల్లి ఎంత నీరసంగా ఉన్నా దాన్ని కళ్లతో వెంబడిస్తుంది. పాండు పట్టించుకోలేదు.

ముసలి పిల్లుల్లో మూత్రపిండాలు చెడి, రక్తపోటు పెరిగి ఉన్నట్టుండి చూపు పోవడం మామూలే. పాండుది ముసలితనం కాదు. అయినా రక్తం తీసి ఊళ్లో ఉన్న మనుషుల ల్యాబుకు పంపాను. మూత్రపిండాలు బాగానే ఉన్నాయని వచ్చింది. ఊపిరి కుదుటపడ్డాక, శెట్టిగారి కారులోనే అనంతపురం తీసుకుపోయి, అక్కడా మనుషుల ఎక్స్‌రే కేంద్రంలోనే ఫొటో తీయించాను. అక్కడి టెక్నీషియను పేషెంటు పేరడిగితే శెట్టిగారు పాండు అన్నారు. ఫిల్ము మీద 'శ్రీ పాండు, పురుషుడు' అని వచ్చింది. శ్రీ పాండుగారి గుండె ఛాతీలో సగానికి పైగా ఆక్రమించి ఉంది.

గుండె సాగిపోవడం, చూపు పోవడం, ఈ రెండూ కలిసి వయసులో ఉన్న పిల్లికి వస్తే మా వృత్తిలో మొదట అడగవలసిన ప్రశ్న ఒకటుంది. అడిగాను. ఏం పెడతారు దీనికి?

ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు శెట్టిగారి ముఖం వెలిగిపోయింది.

"మా పాండు మాంసం ముట్టింది ల్యా సార్. అన్నమూ పాలూ పెరుగు, అంతే. ఎలక మూతి ముందర పోతాన్నా కన్నెత్తి చూడదు. పోయిన జన్మలో యెవురో పెద్ద సాధువై ఉంటాది."

దానికి కళ్లు కనిపించవని చెప్పాను. ఎలుక చప్పుడు చెవికి వినపడుతూనే ఉంటుందనీ, లేచి పట్టే ఓపిక గుండెకు లేదనీ కూడా చెప్పాను.  శెట్టిగారు ఎక్స్‌రే ఫిల్మును కాసేపు ఎండకు పెట్టి చూశారు, అందులో తప్పేమైనా దొరుకుతుందేమో అన్నట్టు.

సంగతి ఇది. టారిన్ అని ఒక పదార్థం ఉంది. గుండె కండరానికీ, కంటి వెనక చూపు తెర రెటీనాకూ అది కావాలి. మనుషుల ఒళ్లు, కుక్కల ఒళ్లు తమకు కావలసినంత తామే తయారు చేసుకుంటాయి. పిల్లి ఒళ్లు చేసుకోలేదు. మాంసంలోంచి, చేపలోంచి తెచ్చుకోవలసిందే. పాలల్లో ఉండేది లెక్కలోకి రాదు, అన్నంలో ఉండదు. లోటు మొదలైన వెంటనే ఏమీ కనిపించదు. నెలలు, ఏళ్లు గడుస్తాయి. ముందు చూపు తెర ఎండిపోతుంది, గుండె సాగిపోతుంది. పిల్లి నెమ్మదస్తురాలవుతుంది, ఇంటివాళ్లు బుద్ధి వచ్చిందనుకుంటారు. గుండె సంగతి సమయానికి పట్టుకుంటే, టారిన్ ఇస్తే, కొన్ని నెలల్లో చాలావరకు తేరుకుంటుంది. ఎండిపోయిన చూపు తెర తిరిగి రాదు.

ఆ సాయంత్రం ఇదంతా చెప్పడానికి వాళ్లింటికి పోయాను. శెట్టిగారు కుర్చీ వేసి, నేను చెప్పే ప్రతి వాక్యం చివర ఒక ప్రత్యామ్నాయం చూపించారు. టారిన్ మాత్రలుగా దొరుకుతుందా అన్నారు. బెంగళూరు నుంచి తెప్పిస్తాను, అదీ వాడదాం, గుండెకు బలం ఇచ్చే మాత్ర, నీరు తోడే మాత్ర కూడా వాడాలి, కానీ ఈ పిల్లికి కండ కరిగిపోయింది, మాంసంలోనే దొరికేవి ఇంకా చాలా కావాలి, మాత్రలతో బతకదు, కోడి కాలేయమో గుండెకాయో పెట్టాలి అన్నాను. పనీరు అన్నారు. కాదన్నాను. తర్వాత ఆయనకు ఇంకో ఉపాయం తట్టింది.

"మీల్ మేకర్ పెడ్తే కాదా సార్? నమిల్తే అచ్చం మాంసం మాదిరే ఉంటాదంట."

ఎవరు చెప్పారని అడిగాను. అంటారని విన్నానన్నారు. అది సోయా, రూపం ఏదైనా పిల్లి గుండెకు తెలుస్తుందని చెప్పాను. అప్పుడాయన అసలు మాట బయటపెట్టారు. కోడి కాలేయం తిన్న పిల్లిని మళ్లీ కాటా పక్కన ఎట్లా కూర్చోబెట్టేది, జనం ఏమనుకుంటారు అని. నాకు కోపం వచ్చింది. నా పేషెంటు ఆయన కొట్టు బోర్డు కాదు, పిల్లి అని ఆ మాటలతోనే చెప్పాను. ఉద్యోగంలో ఉండగా మర్యాద తప్పి మాట్లాడిన సందర్భాలు నాకు కొన్నే గుర్తున్నాయి, వాటిలో దీని గురించి మాత్రం నాకు ఏ విచారమూ లేదు.

నాగరత్నమ్మ అంతసేపూ వంటింటి గడప మీద కూర్చుని వింటోంది. సన్నగా, ఎండిపోయిన మనిషి. పిల్లి ఆమె ఒళ్లో ఉంది, మళ్లీ కొంచెం ఎగపీలుస్తోంది.

"మాంసం పెట్టకపోతే ఏమైతాది సార్?"

చస్తుందమ్మా, వానలు పడేదాకా ఉంటే ఎక్కువ అన్నాను. పెడితే గుండె కోలుకోవచ్చు, కళ్ల మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దని కూడా చెప్పాను. 

మర్నాడు ఒక ఏర్పాటు జరిగింది. గోదాములో కాయలు జల్లించే మరియమ్మ అని ఒకావిడ ఉంది. చర్చి వెనక వీధిలో ఇల్లు. పిల్లి కొన్నాళ్లు ఆమె ఇంట్లో ఉండేలా, అక్కడ కోడి గుండెకాయలు, కాలేయం ఉడికించి పెట్టేలా మాట్లాడారు. టారిన్ నీళ్లలో కరిగిపోతుంది కాబట్టి ఉడికించిన నీళ్లు పారబోయకుండా దానితోనే పెట్టమని నేను మరియమ్మకు చెప్పాను. ఆమె సరేనంది. మా ఇంట్లో కోడి ఉడికితే యే దేవునికీ ఇబ్బంది ల్యా సార్ అని కూడా అంది. శెట్టిగారు మాత్రం ఒక షరతు పెట్టారు. మాపటేళ, గంపకు మూత పెట్టి, వెనక సందులోంచి తీసుకుపోవాలి. కొట్లో అడిగినవాళ్లకు పాండు తీర్థయాత్రకు పోయిందని చెప్పారు. పండరిపురం అని ఒకరికి, కాశీ అని ఇంకొకరికి చెప్పడంతో, పిల్లి భారతదేశమంతా తిరుగుతోందని ఊళ్లో అనుకున్నారు. అది చర్చి వెనక వీధిలో మరియమ్మ మంచం కింద ఉంది.

మూడో రోజు పొద్దున్నే మరియమ్మ ఆసుపత్రికి వచ్చింది. ముఖంలో నెత్తురు లేదు.

"అది మూతి గూడా పెట్టడం ల్యా సార్. నా చెయ్యి వాసన సూసి ముడుచుకోని పోతాది. నా ఇంట్లో సచ్చిపోతే శెట్టికి నేనేమని చెప్పేది?"

వెంటనే పోయాను. పిల్లికి గుడ్డితనం, కొత్త ఇల్లు, కొత్త వాసనలు, కొత్త గొంతులు. మూడేళ్లుగా ఒక్క చేతి నుంచే తిన్న జంతువు అది. చెవి లోపలి చర్మం చూస్తే లేత పసుపు ఛాయ కనిపించింది. ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఉపవాసం పిల్లికి పనికిరాదు. వరసగా కొన్ని రోజులు తిండి మానేస్తే ఒంటి కొవ్వంతా కాలేయంలోకి దిగబడి, కామెర్లు వచ్చి, అసలు జబ్బు కన్నా ముందు ఇదే చంపేస్తుంది. నోట్లో సిరంజితో పోద్దామంటే ఈ గుండెతో పెనుగులాడితే అక్కడే ఆగిపోతుంది. ముక్కులోంచి గొట్టం వేయాలన్నా అదే భయం. ఒక్క దారే ఉంది, ఆ దారి శెట్టిగారి వంటింట్లో మడి కట్టుకుని ఉంది.

కొట్టుకు పోయి శెట్టిగారికి చెప్పాను. మీ అమ్మ చేత్తో పెడితే తింటుంది, లేకపోతే లేదు. ఆయన గొంతు తగ్గించి, గుమాస్తా వినకుండా, అది జరిగే పని కాదన్నారు. మా అమ్మ ఉల్లిగడ్డ వాసన తగిల్తేనే స్నానం చేసే మనిషి, ఆమెకు ఈ మాట చెప్పనైనా చెప్పొద్దన్నారు. చెప్పవలసిన పని పడలేదు. మెట్ల మీద ఆమె నిలబడి ఉంది.

ఆమె చెప్పులు వేసుకుని కిందికి దిగింది. వెనక సందు వైపు పోలేదు. నేరుగా బజారు వీధిలోకి నడిచింది. పొద్దున పది గంటల వేళ, అందరి కొట్లూ తెరిచి ఉన్నాయి. శెట్టిగారు వెనక పరుగెత్తుకొచ్చి, జనం చూస్తాండారమ్మా, కారు తెస్తా, నిలబడు అని బతిమాలారు. ఆమె నడక ఆపలేదు.

"చూడనీ. కండ్లుండేటోళ్లు చూస్తారు. దాని కండ్లు నేనే తీసేసినా."

శెట్టిగారు అక్కడే ఆగిపోయారు. నేను ఆమె వెనకే నడిచాను.

మరియమ్మ వాకిట్లో మంచం వాల్చింది. నాగరత్నమ్మ మంచం మీద కూర్చోకుండా నేల మీదే కూర్చుంది. ఉడికిన కాలేయం గిన్నె ముందు పెట్టారు. ఆమె కొంగు ముక్కుకు అడ్డం కట్టుకుని, ముఖం పక్కకు తిప్పుకుని, చెయ్యి గిన్నెలో పెట్టింది.  పాండూ అని పిలిచింది. మంచం కింద నుంచి పిల్లి తల బయటకొచ్చింది. వేళ్లు వాసన చూసింది, ఆగింది, మళ్లీ చూసింది. తర్వాత ఒక ముక్క తీసుకుంది. నాగరత్నమ్మ ముఖం ఇంకా పక్కకే ఉంది, కానీ వేలికి నాలుక తగలగానే ఏడ్చింది. మరియమ్మ కూడా ఏడ్చింది. నాకు పని ఏమీ లేకపోవడంతో స్టెతస్కోపు మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఆ రోజు నుంచి ఆమె రోజుకు రెండుసార్లు పోయేది. మొదట్లో ఇంటికొచ్చి ప్రతిసారీ తలస్నానం చేసేది. ఆ వేసవిలో మా ఊరి బోర్లు ఎండిపోయాయి, ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెచ్చే డ్రైవరుకు కూడా తెలియదు. శెట్టిగారు ఆచారం గురించి మానేసి బిందెల గురించి మాట్లాడడం మొదలుపెట్టారు. నీళ్లు ఆచారం కన్నా ముందే అయిపోయాయి. మొదట తలస్నానం పోయింది, తర్వాత స్నానం పోయింది, చివరికి మరియమ్మ వాకిట్లోనే చెంబుడు నీళ్లతో చెయ్యి కడుక్కుని వచ్చేయడం మిగిలింది. ఏకాదశి వచ్చింది. ఆమె ఉపవాసం ఉంది, పిల్లికి పెట్టింది. దాని ఉపవాసం రద్దయిందని నాకు కబురు పంపింది, ప్రభుత్వ ఉత్తర్వులా.

ఊళ్లో గొడవ జరుగుతుందని శెట్టిగారు ఎదురుచూశారు. ఒక వారం మాట్లాడుకున్నారు. కుంకుమ పెట్టిన ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. తర్వాత శనక్కాయ విత్తనాల పంపిణీ మొదలై, అందరూ ఎండలో క్యూలో నిలబడవలసి వచ్చి, పిల్లి మతం సంగతి మరిచిపోయారు. కొట్టుకు గిరాకీ తగ్గిందని శెట్టిగారు నాతో రెండుసార్లు అన్నారు. నేను విననట్టున్నాను.

చెవి పసుపు కొద్ది రోజుల్లోనే పోయింది. బెంగళూరు నుంచి మాత్రలు వచ్చాయి. నెల తిరిగేసరికి పాండు నోరు మూసుకుని నిద్రపోవడం మొదలుపెట్టింది. నీరు తోడే మాత్ర మెల్లగా తగ్గించి ఆపేశాను. వానలు ఒకటి రెండు పడ్డాక మళ్లీ అనంతపురంలో ఎక్స్‌రే తీయించాను. రెండు ఫిల్ములూ పక్కపక్కన పెట్టి చూస్తే గుండె చెప్పుకోదగ్గంత చిన్నదైంది. మూడో చప్పుడు పోయింది. ఇంటికి తీసుకుపోవచ్చని చెప్పాను, తిండి మాత్రం మరియమ్మ ఇంటి నుంచే రావాలి అన్నాను. శెట్టిగారు ఈసారి మీల్ మేకర్ మాట ఎత్తలేదు. కాటా పక్కన గోనె తీసేయించారు.

చివరిసారి దాన్ని చూడడానికి పోయినప్పుడు నాగరత్నమ్మ వంటింటి గడప మీదే కూర్చుని ఉంది. పిల్లి గోడ పక్కన మీసాలతో దారి వెతుక్కుంటూ వచ్చి ఆమె ఒళ్లో ఎక్కింది. కళ్లు పరీక్షించాను. అదే నలుపు, అదే వెడల్పు. ఆమె నా పని అయ్యేదాకా ఆగింది.

"రెండేండ్ల ముందర ఆసుపత్రికి తెచ్చింటే కండ్లు దక్కుతుండెనా సార్?"

ఇలాంటి ప్రశ్నలకు మా వృత్తిలో తయారుగా ఉంచుకునే జవాబులు కొన్ని ఉన్నాయి. కచ్చితంగా చెప్పలేమమ్మా, దేవుడి దయ, దాని రాత, ఇలాంటివి. ఆమె బజారు వీధిలో నడిచిన మనిషి, ఆమెకు అవేవీ ఇవ్వబుద్ధి కాలేదు. దక్కేవమ్మా అన్నాను. ఆమె తలూపింది. పిల్లి వీపు మీద చెయ్యి అలాగే ఉంది.

"దానికి మంచి చేస్తాండాననే అనుకుంటి."

తెలుసమ్మా అన్నాను.  లేచి వచ్చేశాను.

ఆ తర్వాత సర్వీసులో మిగిలిన కాలమంతా పిల్లి పేషెంటు వస్తే నేను పాటించిన పద్ధతి ఒకటుంది, ఇప్పుడు ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలకు కూడా అదే చెబుతాను. ఇంటివాళ్లు దేని గురించి బాధపడుతున్నారో అందరు డాక్టర్లూ అడుగుతారు, అడగాలి. కానీ ఆ జంతువులో వాళ్లు మెచ్చుకునేది ఏమిటో కూడా అడగాలి. మా పిల్లి ఎంత బుద్ధిమంతురాలో, ఎంత నెమ్మదో, ఎలుకను కూడా ముట్టదు అని వాళ్లు మురిసిపోతూ చెబుతున్నప్పుడు చెవిలో స్టెతస్కోపు పెట్టుకోవాలి. నేను చూసిన జబ్బుల్లో చాలావరకు ఆ మాటల్లోనే మొదట బయటపడ్డాయి.